చేప బొమ్మ ఉన్న గ్లాసు

నాకు నోరు ఎక్కువని మా ఇంట్లో అందరూ ఎప్పుడో ఒప్పేసుకున్నారు. ఇంకా ఒప్పుకోనిది నేనొక్కదాన్నే. తెనాలిలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం నాది. రోజంతా కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళకి ఇది కాదండి, ఇంకో కాగితం కావాలండి అని చెప్పీ చెప్పీ అలవాటైపోయింది. ఇంటికొచ్చాక కూడా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి చెప్పకపోతే నాకు తోచదు. ఈ మధ్య కొన్నేళ్ళుగా నేను చెప్పేదల్లా ప్లాస్టిక్ గురించే.

మొదట బలైంది మా ఆయన. మా వంటింటి తలుపు వెనక మేకుకి ఒక పెద్ద కవరు వేలాడుతుండేది, దాని నిండా చిన్న కవర్లు. మీ ఇంట్లోనూ ఉంటుంది, నాకు తెలుసు. బజారుకి వెళ్ళినప్పుడల్లా ఓ నాలుగు కొత్తవి వచ్చి అందులో చేరేవి. బయటికి వెళ్ళేది మాత్రం ఒక్కటీ లేదు. ఒకరోజు ఆ మేకు ఊడి, కవర్లన్నీ నా నెత్తిన పడ్డాయి. ఆ పూటే మా ఆయన స్కూటరు డిక్కీలో రెండు గుడ్డ సంచులు, ఒక స్టీలు డబ్బా పెట్టేశాను. సంచి తీయడం మర్చిపోయి కవర్లో వంకాయలు తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపాను. రెండుసార్లు అలా పంపాక, మూడోసారి ఆయన వంకాయల్ని హెల్మెట్‌లో వేసుకుని వచ్చారు. పోలీసులు ఆపారట. ఆ వంకాయ కూర తింటున్నంతసేపూ నేను నవ్వుతూనే ఉన్నాను, ఆయన నవ్వలేదు.

తర్వాత కర్రీ పాయింటు. ఆదివారం పప్పు, సాంబారు తెచ్చుకోవడానికి క్యారేజీ పట్టుకెళితే ఆ కొట్టు ఆయన మొదట వింతగా చూశాడు. పొగలు కక్కే సాంబారుని కవర్లో పోసి, దానికి రబ్బరు బ్యాండు చుట్టి, చేతులు కాల్చుకునే బాధ తప్పింది కదా అని రెండో వారం నుంచి ఒక గరిటె ఎక్కువే పోశాడు. ఇంతవరకూ నా గెలుపులే చెప్పాను. ఇప్పుడు ఓడిపోయింది చెప్తాను.

మా పుట్టిల్లు రేపల్లె. తమ్ముడు, మరదలు, వాళ్ళమ్మాయి అక్కడే ఉంటారు. ఇంటి వెనక సందులో, కాలవ గట్టు పక్కనే, చేపల పిన్ని ఇల్లు. సొంత పిన్ని కాదు. నా చిన్నతనం నుంచి మా గుమ్మంలో చేపల గంప దించి, బేరాలాడి, మా అమ్మని తిట్టి, మా అమ్మ చేత తిట్లు తిని, కాఫీ తాగి వెళ్ళే మనిషి. బాబాయి నిజాంపట్నం వైపు పడవల మీద వేటకెళ్ళేవాడు. మహా సరదా మనిషి. ఎవరింట్లో భోజనాలైనా మొదటి బంతిలో మొదటి ఆకు ఆయనదే. ఆయన జబ్బు చేసి పోయి ఆరేళ్ళయింది.

కిందటేడు వర్షాల్లో ఆ సందులో ఎవరింట్లోనో ఫంక్షన్ జరిగింది. భోజనాలయ్యాక ప్లేట్లు, గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు అన్నీ మూటలు కట్టి కాలవలో పడేశారు. అవన్నీ వెళ్ళి తూములో ఇరుక్కున్నాయి. మర్నాడు గట్టి వాన. నీళ్ళకి దారి లేక గట్టు దాటి నేరుగా పిన్ని ఇంట్లోకి వచ్చేశాయి. నేను వెళ్ళేసరికి మోకాటి లోతు నీళ్ళలో మంచం, మంచం మీద పిన్ని, పిన్ని ఒళ్ళో బాబాయి ఫొటో. నాకు ఒళ్ళు మండిపోయింది. సందు మధ్యలో నిలబడి వీధి మొత్తానికీ వినపడేట్టు అరిచాను. చదువుకున్నవాళ్ళం అని చెప్పుకోవడానికి సిగ్గుండాలన్నాను. చివర్లో ఆవేశంలో ఇంకో మాట కూడా అనేశాను. మా ఇంట్లో శుభకార్యం జరిగితే ఒక్కటంటే ఒక్క ప్లాస్టిక్ గ్లాసు కనిపించదు, అప్పుడు వచ్చి చూసి నేర్చుకోండి అని.

అందరూ తలుపులేసుకున్నారు. పిన్ని మాత్రం మంచం మీంచే, "చూద్దాంలే అమ్మాయ్" అంది.

ఈ ఏడాది మేనకోడలికి ఓణీల ఫంక్షన్ పెట్టారు. నిండుగా పరికిణీ ఓణీ కట్టించి, అక్షింతలు వేసి, బంధువులందరికీ భోజనం పెట్టే వేడుక. ఇంటి ముందు వీధిలోనే షామియానా. తమ్ముడు ఫోన్ చేసి, అక్కా, నువ్వన్న మాట వీధిలో ఎవరూ మర్చిపోలేదు, ఇక నువ్వే చూసుకో అన్నాడు. మేనత్తని కదా, చూసుకుంటానన్నాను.

చూసుకున్నాను కూడా. నందివెలుగు వైపు తోటలోంచి అరిటాకులు మాట్లాడాను. క్యాటరింగ్ అతను ముందు అరిటాకు బొమ్మ అచ్చేసిన నున్నటి కాగితం తెచ్చి ఇదీ ఆకేనండి అన్నాడు. అరటిచెట్టుకి కాసిందా బాబూ అని అడిగాను. చుట్టేసి పట్టుకెళ్ళిపోయాడు. నీళ్ళకి పెద్ద పెద్ద మట్టి కుండలు పెట్టించాను, వడ్డించడానికి స్టీలు జగ్గులు. వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి మరదలు ప్లాస్టిక్ బుట్టలు కొందామని రంగులు కూడా ఎంచి పెట్టుకుంది. నేను వద్దని, పాత చీరలన్నీ పోగుచేసి సంచులు కుట్టించాను. మరదలి ముఖం మాడిపోయింది గానీ, తన పట్టుచీర అంచు ఒక సంచికి ఎంత అందంగా అమిరిందో చూశాక కాస్త తేరుకుంది.

ఫంక్షన్ ముందు రోజు బాపట్ల నుంచి మా ఆడపడుచు వ్యాను పంపింది. మా ఆయనకి అక్క, నాకు వదిన. వ్యానులో చల్లటి వాటర్ బాటిళ్ళ పెట్టెలు. ఎండాకాలం, అంతమంది జనం, నా వంతుగా ఇవి అని డ్రైవరు చేత చెప్పి పంపింది. అవి దింపనివ్వకుండా అదే వ్యానులో వెనక్కి పంపేశాను. ఫోనులో నాలుగు మాటలు నీతులు కూడా చెప్పాను. ఆమె సరేనమ్మా అని పెట్టేసింది. నేను గెలిచాననుకున్నాను.

ఇక గ్లాసులు. సామాను అద్దెకిచ్చే కొట్టుకి వెళితే పెళ్ళిళ్ళ రోజులు కదమ్మా, ఒక్క గ్లాసు కూడా లేదన్నాడు. అయితే ఏం, వీధిలో ప్రతి ఇంట్లోనూ స్టీలు గ్లాసులు లేవా? చీర కొంగు బిగించి ఇంటింటికీ తిరిగాను. అందరూ ఇచ్చారు, కిందటేడు నా చేత తిట్లు తిన్నవాళ్ళు కూడా ఇచ్చారు. ఎవరెన్ని ఇచ్చారో రాసుకోమని మరదలు అంటే, రాయడమెందుకే, పేర్లు కొట్టించి ఉన్నాయిగా అన్నాను. మనవైపు స్టీలు సామాను మీద పేరు కొట్టించకుండా ఎవరుంటారు? చెంబు మీద, గిన్నె మీద, గరిటె మీద కూడా చుక్కల అక్షరాల్లో ఇంటిపేరు ఉండాల్సిందే.

చివరగా పిన్ని ఇంటికి వెళ్ళాను. గూట్లో ఉన్నవన్నీ దించింది. లెక్కపెడితే పదకొండు. బాబాయి ఫొటో ముందు ఇంకొకటుంది, పొడుగాటిది, నీళ్ళతో. పేరు కింద ముచ్చటగా చిన్న చేప బొమ్మ కూడా కొట్టించుకున్నాడు మహానుభావుడు. నాకు డజను నిండాలనిపించింది. అంతే, ఇంకే కారణమూ లేదు. ఇదీ ఇవ్వు పిన్నీ అన్నాను.

"అది ఆయనదమ్మా. రోజూ నీళ్ళు పెడతాను" అంది.

"రేపు సాయంత్రానికి నీ చేతిలో ఉంటుంది. పూచీ నాది" అన్నాను. ఆ నీళ్ళు గుమ్మం పక్క తులసి మొక్కలో పోసి, గ్లాసు కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

మర్నాడు భోజనాల ఏర్పాటు చూస్తే నాకే ముద్దొచ్చింది. పచ్చటి ఆకులు, ప్రతి ఆకు పక్కన తళతళలాడే గ్లాసు, గ్లాసు పక్కన మడత పెట్టిన చీర సంచి, సంచిలో తాంబూలం, అరటిపండు. సంచులు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఇద్దామని మరదలు అంది. గుమ్మం దగ్గర తోపులాట అవుతుంది, ఆకు దగ్గరే పెట్టేద్దామని తెలివిగా చెప్పింది నేనే. ఆ తెలివి కథే ఇదంతా.

మొదటి బంతిలో కూర్చున్నది దూరం నుంచి వచ్చినవాళ్ళు. బాపట్ల వాళ్ళు, చెరుకుపల్లి వాళ్ళు, తెనాలి నుంచి వచ్చిన మా ఆఫీసు వాళ్ళు. ముందు వరసలో మా పుట్టింటి గ్లాసులు పెట్టాం, వాటి మీద మా ఇంటిపేరు ఉంది. మన ఫంక్షన్లలో స్టీలు డబ్బాయో గిన్నెయో ఇచ్చేటప్పుడు దాని మీద ఇచ్చినవాళ్ళ పేరు కొట్టిస్తాం కదా. చెరుకుపల్లి పెద్దమ్మ గ్లాసు తిప్పి పేరు చదివి, పేరు కూడా కొట్టించారమ్మా, ఎంత ఖర్చు పెట్టారో అని మెచ్చుకుని, మజ్జిగ తాగేసి, గ్లాసు కడిగి, కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. పక్కావిడ కూడా వేసుకుంది. ఇక ఆ వరసంతా వేసుకుంది. తర్వాతి వరసల్లో గ్లాసుల మీద ఎవరెవరి పేర్లో ఉన్నా చదివే ఓపిక ఎవరికుంది? సంచి, అందులో గ్లాసు. మర్యాదగా ఇచ్చింది మర్యాదగా తీసుకున్నారు.

ఆ సమయంలో నేనెక్కడున్నానంటారా? తూము దగ్గర. ఎదురింటి మేష్టారికి కాలవ ఎంత శుభ్రంగా ఉందో చూపిస్తున్నాను.

రెండో బంతికి మిగిలిన గ్లాసులు పెట్టారు. అవీ అలాగే వెళ్ళిపోయాయి. గిన్నెలు తోమడానికి వచ్చిన ఆడవాళ్ళు పని లేక కబుర్లు చెప్పుకుంటున్నారు. మూడో బంతి కూర్చున్నాక క్యాటరింగ్ అతను నా దగ్గరికి వచ్చి, మేడమ్, గ్లాసులు ఎక్కడ పెట్టించారండీ అని అడిగాడు. నేను తోముతున్నారన్నాను. తోమేవాళ్ళు మా దగ్గరికి రాలేదన్నారు. అప్పుడు చూశాను, వీధి చివర ఆటో ఎక్కుతున్న మా ఆఫీసు ఆవిడ సంచిలోంచి గ్లాసు అంచు మెరుస్తూ కనిపించింది.

మూడో బంతి జనం ఎండలో గొంతు తడారి కూర్చున్నారు. తమ్ముడు నా ముఖం కూడా చూడకుండా బండేసుకుని వెళ్ళి ప్లాస్టిక్ డిస్పోజల్ గ్లాసుల ప్యాకెట్లు తెచ్చాడు. మూడో బంతిలో కూర్చున్నది ఎవరనుకున్నారు? మా వీధివాళ్ళే. గ్లాసులిచ్చినవాళ్ళే. ఒకాయన ఆ గ్లాసుని ఎండకేసి ఎత్తి చూసి, బాగుందమ్మా, నేర్చుకున్నాం అన్నాడు. నవ్వులే నవ్వులు. నేనూ నవ్వేదాన్నే, ఆ వరస చివర్న పిన్ని కూర్చుని లేకపోతే.

సాయంత్రం షామియానా అంతా వెతికితే, అక్కడా ఇక్కడా పడి ఉన్నవి నలభై గ్లాసులు కూడా తేలలేదు. చేప బొమ్మ గ్లాసు అందులో లేదు. ఉన్న నాలుగు పిన్ని గ్లాసులూ పట్టుకుని వెళ్ళాను. లోపలికి వెళ్ళేసరికి బాబాయి ఫొటో ముందు మధ్యాహ్నం ఆవిడకి మా ఇంట్లో ఇచ్చిన ప్లాస్టిక్ గ్లాసు ఉంది. శుభ్రంగా కడిగి, నిండా నీళ్ళు పోసి పెట్టింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పిన్నీ, మా అమ్మ వెండి గ్లాసు తెచ్చిస్తాను, అది తీసెయ్ అన్నాను. పోనీ ఈ స్టీలు గ్లాసుల్లో ఒకటి పెట్టమన్నాను.

"ఆయన గ్లాసు వస్తే అది పెడతాను. అందాకా ఇదే ఉంటుంది. నీకు గుర్తుండాలి కదమ్మా" అంది. కోపంగా అనలేదు. నవ్వుతూనే, నాకు చేపల పులుసు గిన్నెలో పోసిస్తూ అంది.

కుటుంబం ఫోన్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే అయిపోతుందనుకున్నాను. తమ్ముడు ససేమిరా అన్నాడు. ఇచ్చిన గిఫ్టు వెనక్కి అడిగారంటే ఇక మేం తలెత్తుకు తిరగగలమా అన్నాడు. గిఫ్టు కాదురా అంటే, తీసుకున్నవాళ్ళకి గిఫ్టేగా అన్నాడు. వీధివాళ్ళకి కావాలంటే కొత్తవి కొనిద్దామన్నాడు. వాళ్ళలో చాలామంది పోనీలెండి అన్నారు కూడా. మంచివాళ్ళు. కానీ చేప బొమ్మ గ్లాసు ఏ కొట్లో దొరుకుతుంది?

దాంతో నా తిరుగుడు మొదలైంది. ప్రతి ఆదివారం ఎవరో ఒకరింటికి ఊరికే పలకరించడానికి వెళ్ళినట్టు వెళ్ళడం, కూర్చోగానే దాహం అని నీళ్ళడగడం. ఆ వేసవిలో నేను తాగినన్ని నీళ్ళు మా కుండలు కూడా పట్టవు. నా ఉపాయం బాగానే పనిచేసింది, చాలా ఇళ్ళలో మా గ్లాసులోనే నీళ్ళిచ్చారు. మీరిచ్చిందేనండి, ఎంత గట్టి గ్లాసో అని పొగిడారు కూడా. నేను తాగి, పేరు చూసి, చేప లేదని తేల్చుకుని, గ్లాసు బల్ల మీద పెట్టేసి వచ్చేదాన్ని. అడగడానికి నోరు రాలేదు. ఎప్పుడూ ఆగని నోరు అక్కడ మూగబోయింది. తెనాలిలో ఒకరింట్లో గ్లాసులో టూత్‌బ్రష్‌లు పెట్టుకున్నారు. ఇంకొకరింట్లో మనీప్లాంటు వేశారు. పెనుమూడిలో తమ్ముడి స్నేహితుడింట్లో కోళ్ళకి నూకలు కొలుస్తున్నారు. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. గ్లాసుల సంగతెలా ఉన్నా, ప్రతి ఇంట్లోనూ మా చీర సంచి తలుపు వెనక మేకుకి వేలాడుతూ, వాడి వాడి నలిగిపోయి ఉంది. అది చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చేది.

రేపల్లె వెళ్ళినప్పుడల్లా పిన్ని ఇంటి ముందునుంచే వెళ్ళాలి. గుమ్మంలోంచే కనిపిస్తుంది, ఫొటో, దాని ముందు ఆ గ్లాసు. రోజూ కడగడంతో తెల్లగా మసకబారింది, అంచు ఒకచోట సొట్టపోయింది. అంత పలచటి గ్లాసు, ఒక్క పూట వాడి పారేసేది, నెలల తరబడి అలా నిలబడి ఉంది. పిన్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. నేను ఆ సందు మానేసి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. నాకే సిగ్గేసింది.

చివరికి చూడాల్సిన ఇల్లు ఒక్కటే మిగిలింది, బాపట్లలో మా ఆడపడుచుది. అన్ని ఊళ్ళూ తిరిగాను గానీ అక్కడికి కాళ్ళు రాలేదు. అక్క నిన్నేమీ కొరుక్కు తినదు, వెళ్ళు అని మా ఆయన రైలెక్కించారు. రైల్లో కూర్చుని చెప్పాల్సిన మాటలు రకరకాలుగా అనుకున్నాను. వెళ్ళాక ఒక్కటీ గుర్తు రాలేదు.

వదిన నన్ను ఆదరంగానే కూర్చోబెట్టింది. నేను అలవాటుగా నీళ్ళడిగాను. లోపలికి వెళ్ళి మూత తీయని వాటర్ బాటిల్ తెచ్చి నా ముందు పెట్టింది. నువ్వు వెనక్కి పంపినవేనమ్మా, ఇంకా అయిపోలేదు అంది. తను మాత్రం ఎదురుగా కూర్చుని పొడుగాటి స్టీలు గ్లాసులో మజ్జిగ తాగుతోంది. ఆమె గ్లాసు కాస్త పక్కకి తిప్పేసరికి చేప బొమ్మ కనిపించింది.

నేను ఎండల గురించి మాట్లాడాను. సూర్యలంక బీచికి జనం ఎలా వస్తున్నారని అడిగాను. ఉప్పు చేపల ధర అడిగాను. కళ్ళు మాత్రం ఆ గ్లాసు మీదే ఉన్నాయి. వదిన మజ్జిగ పూర్తిగా తాగేసి, ఏంటి, ఎండ ఎలా ఉందో చెప్పడానికి బాపట్ల దాకా వచ్చావా అంది. అప్పుడు ఇక ఆగలేకపోయాను. మొత్తం చెప్పేశాను. పిన్ని, బాబాయి, డజను నిండాలన్న నా పిచ్చి, ఫొటో ముందు ప్లాస్టిక్ గ్లాసు, అన్నీ. చెప్తుంటే ఏడుపొచ్చేసింది. యాభై దగ్గరపడ్డ మనిషిని, గ్లాసు కోసం ఏడ్చాను.

వదిన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. తర్వాత అంది, "నీకు చెప్పడం వచ్చు. అడగడం రాదు. ఆ రోజు బాటిళ్ళు వద్దు వదినా, నీళ్ళ డ్రమ్ములు పంపండి అని ఒక్క మాట అడిగి ఉంటే డ్రమ్ములే పంపేదాన్ని. అందరి ముందూ వ్యాను తిప్పి పంపావు."

తప్పు నాదేనండి వదినా అన్నాను. నా నోటి వెంట వచ్చిన ఆ మాట వినలేకపోయానని మా ఆయన ఇప్పటికీ బాధపడుతుంటారు. గ్లాసు ఇస్తారా అని అడిగాను. అడిగితే ఇవ్వనా అంటూ లేచి, చింతపండు వేసి తోమి, తుడిచి, మా చీర సంచిలోనే పెట్టిచ్చింది. అంతటితో ఊరుకోకుండా ఫోన్ తీసి గ్రూపులో తనే మెసేజ్ పెట్టింది. రేపల్లెలో ఇచ్చిన గిఫ్టు సంచి మాత్రమే, గ్లాసులు వీధివాళ్ళవి, పొరపాటున తెచ్చుకున్నాం, రేపల్లె వైపు వెళ్ళేవాళ్ళ చేత పంపేద్దాం, నేను నాది ఇచ్చేశాను అని. ఎవరి పరువూ పోలేదు. పొరపాటున తెచ్చుకున్నాం అనడంలో ఎంత మర్యాద ఉందో చూడండి. ఆ ఒక్క మాట నాకు తట్టి ఉంటే అన్ని నీళ్ళు తాగే పని తప్పేది.

పదిహేను రోజుల్లో రేపల్లె ప్యాసింజర్లో, చెరుకుపల్లి బస్సులో, ఎవరెవరి సంచుల్లోనో గ్లాసులు తిరిగి రావడం మొదలైంది. టూత్‌బ్రష్‌ల గ్లాసు వచ్చింది. కోళ్ళ గ్లాసు వచ్చింది. మనీప్లాంటు గ్లాసు మాత్రం మొక్కతో సహా వచ్చింది, వేళ్ళు పట్టేశాయట. వచ్చిన ప్రతి గ్లాసునీ తమ్ముడు తనే తీసుకెళ్ళి ఇంటింటికీ ఇచ్చాడు, ఎంతో ముందుచూపుతో ఏర్పాటు చేసినవాడిలాగా.

నేను మాత్రం బాపట్ల నుంచి తెనాలి ఇంటికి కూడా వెళ్ళకుండా, రైలు మారి నేరుగా రేపల్లెలో దిగాను. పిన్ని అరుగు మీద కూర్చుని చేపల గంప కడుగుతోంది. సంచిలోంచి గ్లాసు తీసి చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి, చేప బొమ్మ మీద బొటనవేలు ఆనించి చూసింది.

"ఎక్కడికెళ్ళాడు?" అంది.

"బాపట్ల" అన్నాను.

"మొదటి బంతిలో కూర్చునే ఉంటాడు" అని నవ్వింది. కళ్ళు మాత్రం కొంగుతో తుడుచుకుంది. గ్లాసులో నీళ్ళు పోసి ఫొటో ముందు పెట్టింది. అక్కడున్న ప్లాస్టిక్ గ్లాసు తీసి, నీళ్ళు తులసిలో పోసి, దులిపి నాకిచ్చింది. ఇది మీ ఇంటిదే, తీసుకుపో, కాలవలో మాత్రం వెయ్యకు అంది. తెచ్చుకున్నాను. మా వంటింటి కిటికీలో ఉంది ఇప్పుడు, రబ్బరు బ్యాండ్లు వేసుకుంటున్నాను. ఎవరికైనా నీతులు చెప్పబోయే ముందు ఒకసారి దానికేసి చూస్తాను. రోజూ కాదులెండి, గుర్తొచ్చినప్పుడు.

మొన్న రేపల్లెలో ఎదురింటి మేష్టారు పాత ఇల్లు తీసి కొత్తగా కట్టుకుంటే, దాని గృహప్రవేశం. గ్లాసులు పోగుచేసే పని నాకే అప్పజెప్పారు, తెలిసీ తెలిసీ. ఈసారి పుస్తకం, పెన్ను పట్టుకుని తిరిగాను. పిన్ని గుమ్మం ముందు నిలబడి, నీ దగ్గర పదకొండు కదా పిన్నీ, అంతే రాసుకుంటాను అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి గూట్లో పదకొండూ దించింది. తర్వాత ఫొటో దగ్గరికి వెళ్ళి, చేప బొమ్మ గ్లాసులో నీళ్ళు తులసిలో పోసి, తుడిచి తెచ్చి వాటి మీద పెట్టింది.

నేను వద్దన్నాను. చేతులు వెనక్కి తీసుకున్నాను. నిజంగానే భయమేసింది.

"ఆయనకి భోజనాలంటే ఇష్టం. ఇంట్లో ఒక్కడే ఉండి ఏం చేస్తాడు? మొదటి బంతిలో మొదటి ఆకు దగ్గర పెట్టు" అంది పిన్ని. గ్లాసు నా చేతిలో పెట్టి, నా వేళ్ళు దాని చుట్టూ మూసింది. "సంచులు మాత్రం గుమ్మం దగ్గర ఇవ్వు."